ముక్కుబండి సాక్ష్యం

మొదటి రోజు

కోర్టువారు ఇచ్చిన కాగితం పైన ‘సాక్షి సంరక్షణ దినచర్య’ అని అచ్చు వేసి ఉంది. కింద గళ్ళు. సాక్షి పేరు: లంక బస్సు, ఏడో నంబరు. సాక్షి ఆహారం: ఎండ. సాక్షి ఆరోగ్యం: బాగుంది. సంరక్షకుడు: రాఘవులు, కొబ్బరి తాళ్ళు పేనేవాడు. ఇంతవరకు తేలిగ్గానే నిండాయి. ‘ఇతర విశేషాలు’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. నేను రోజూ జమాఖర్చులు రాసుకుంటాను గానీ, విశేషాలు రాసే అలవాటు లేదు.

పొద్దున్న పోటు తీసి రోడ్డు బయటపడగానే పోలీసులు బస్సును తెచ్చి మా వాకిట్లో నిలిపారు. స్టేషనులో ఉంచకూడదని పై కోర్టు ఈ మధ్యనే తీర్పు చెప్పింది. మాటలు వినగలిగిన యంత్రం స్టేషను ఆవరణలో ఉంటే, పోలీసుల కబుర్లు విని వాళ్ళకు కావలసిన సాక్ష్యం నేర్చుకుంటుందట. కాబట్టి విచారణ అయ్యేవరకు సాక్షి యంత్రాన్ని ఎవరైనా ఊరివాడి ఇంట్లో ఉంచాలి. మా లంకలో బస్సు పట్టేంత పొడుగు వాకిలి నాదొక్కడిదే. తాడు పేనాలంటే పొడుగు కావాలి మరి.

రెండో కారణం హెడ్ కానిస్టేబులు చెప్పాడు. “లంక మొత్తానికి నోరు తక్కువోడివి నువ్వేనయ్యా. నీ దగ్గరుంటే సాక్షి చెడిపోదు.”

షరతు ఒకటే. కేసు గురించి సాక్షితో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. నాకు అదేమంత కష్టం కాదు.

రెండో రోజు

సాక్షి ఆరోగ్యం: బాగుంది. ఉప్పుగాలికి ముక్కు జల్లెడ పూడుకుపోతే కొబ్బరి పీచుతో తుడిచాను.

స్టీరింగు పైన అరచేయంత జల్లెడ ఉంటుంది. అదే దాని ముక్కు. అది ఉండబట్టే ఈ బళ్ళను ముక్కుబళ్ళు అంటారు. సీట్లో కూర్చున్నంతసేపూ డ్రైవరు ఊపిరి వాసన చూస్తూనే ఉంటుంది. సారా వాసన తగిలితే ఉన్నచోటనే ఆగిపోయి, కేసు కాగితం కూడా తనే పంపిస్తుంది. నీళ్ళ కింద రోడ్డు ఎక్కడుందో పోల్చుకోవడం మాత్రం యంత్రాలకు ఇంకా రాలేదు. అందుకే లంక బస్సులకు మనిషి డ్రైవరు ఉంటాడు.

పొద్దున్న నేను గొణుక్కుంటూ లెక్కలు చూసుకుంటుంటే బండి చాలాసేపు ఊరుకుని, నేను ఆపాక అడిగింది.

“మన్నించండి. నన్ను ఎండలోకి జరుపుతారా? ఛార్జింగు తగ్గుతోంది.”

“ముందే చెప్పొచ్చుగా” అన్నాను.

“మీరు మాట్లాడుతున్నారు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోకూడదని నాకు నేర్పారు.”

మంచి పెంపకం.

నాలుగో రోజు

ఎవరి మీద కేసో రాయలేదని మధ్యాహ్నం గుర్తొచ్చింది. మంగతాయారు మీద. మా వెనకింటి ఆవిడ. లంక నుంచి రేవు దాకా బస్సు నడిపేది ఆవిడే. పిల్లలు బడికి, మేం సంతకు వెళ్ళాలన్నా, జబ్బు మనిషి ఆసుపత్రికి వెళ్ళాలన్నా ఆవిడ బండి ఎక్కాల్సిందే. ఇప్పుడందరూ నడుము లోతు నీళ్ళలో నడిచిపోతున్నారు.

ఎండ నెలల్లో పొద్దెక్కాక పొయ్యి వెలిగించకూడదన్న నిబంధన వచ్చినప్పటి నుంచి లంకలో ప్రతి ఇంటా తరవాణి కుండే దిక్కు. రాత్రి అన్నంలో గంజి, నీళ్ళు పోసి పులియబెట్టి, తెల్లారి ఉల్లిపాయ నంజుకుని తినేస్తాం. ఒంటికి చలవ. కేసు పడ్డ రోజు పొద్దున్న మంగతాయారు తిన్నదీ అదే. మూతి తుడుచుకుని బండెక్కింది. గట్టు మీద సగం దారిలో బండి ఆగిపోయి, ప్రయాణికులందరికీ వినిపించేలా, “డ్రైవరు గారి ఊపిరిలో సారా ఉంది” అని ప్రకటించింది.

తరవాణి అని ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంది. ఏ దారిన వచ్చినా సారా సారాయే అని ఒక తీర్పు ఉందట. అయితే నోట్లో వాసన పావుగంటలో పోతుంది, తాగిన వాసన పోదు. అందుకని నోరు పుక్కిలించి, పావుగంట ఆగి, గొట్టంలో రెండోసారి ఊదే హక్కు డ్రైవరుకు ఉంది. ఊదనంటే నేరం ఒప్పుకున్నట్టే.

ఆవిడ ఊదనంది. పదేళ్ళు తాగుబోతుతో కాపురం చేసి, వాడు పోయాక అదే బండి నడిపి ఇల్లు నిలబెట్టుకున్న మనిషిని పట్టుకుని, ఊరందరి ముందూ ‘తాగావేమో, మళ్ళీ ఊదు’ అంటే ఎలా ఉంటుంది? గొట్టం పీకి ఏట్లోకి విసిరేసి, నోటికొచ్చినట్టు తిట్టి, దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

నేరం రుజువైతే ఇక ఏ ముక్కుబండీ ఆవిడను స్టీరింగు ముందు కూర్చోనివ్వదు. బతికినన్నాళ్ళూ. ముక్కు లేని బండి ఇప్పుడు ఎక్కడుంది?

ఇదంతా సాక్షికి వినపడకుండా లోపల కూర్చుని రాశాను.

ఐదో రోజు

ముద్దాయి తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు నిఖిలేశ్వర్ గారు ఉదయం పడవ మీద వచ్చారు. కుర్రాయన. పాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని వచ్చారు. వెనకే మంగతాయారు. ముద్దాయి సాక్షి దగ్గరకు రాకూడదు కాబట్టి ఇద్దరూ పెరటి దారిన వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

“చూడండమ్మా, మీకొక హక్కుంది. మౌనంగా ఉండే హక్కు” అన్నారు వకీలు.

“నాకా హక్కు అక్కర్లేదు బాబూ. ఇంకోటేదన్నా ఉంటే చూడండి.”

“మీకు కావలసింది అదేనమ్మా. సాక్షిని మీరే స్వయంగా ప్రశ్నించవచ్చని కొత్త తీర్పు ఉంది నిజమే. కానీ మీరు కోర్టులో నోరు విప్పితే ఏమవుతుందో నాకు ఈ గంటలోనే అర్థమైంది. దారిలో పడవవాణ్ణి తిట్టారు. కొంగను తిట్టారు.”

“పడవోడు తెడ్డు తప్పేశాడండీ. కొంగ నా సద్దిమూట మీద…”

“అదిగో!”

ఆవిడ నోరు మూసుకుంది. గాలి పీల్చుకుంది. మళ్ళీ తెరిచింది. “ఇదిగో, మాట్టాడ్డం లేదు కదా!”

వకీలు నా వైపు తిరిగారు. “రాఘవులు గారూ, మీ గురించి హెడ్ కానిస్టేబులు చెప్పాడు. విచారణ దాకా రోజూ ఓ గంట ఈవిడకు మౌనం నేర్పుతారా?”

బండి చెవి పెరటి దాకా రాదు. ఆవిడ గొంతు వాకిటి దాకా వస్తుంది. సాక్షి క్షేమం దృష్ట్యా ఒప్పుకున్నాను.

ఆరో రోజు

మౌనం ఎలా నేర్పాలో తెలియలేదు. పీచు చేతికిచ్చి పాయలు తీయమన్నాను.

“ఏం చెయ్యాలి?”

చేసి చూపించాను.

“మాట్టాడకుండా ఎలా ఉంటారండీ బాబూ మీరు? లోపల కుళ్ళిపోదూ?”

భుజాలెగరేశాను.

“అంటే ఏంటి? కుళ్ళుద్దనా, కుళ్ళదనా?”

కాకి వచ్చి ఎండుచేప ఎత్తుకుపోవడంతో ఆ రోజు పాఠం ముగిసింది. కాకి తాతముత్తాతల దాకా వెళ్ళింది ఆవిడ.

ఎనిమిదో రోజు

ఒక విశేషం దాచకుండా రాయాలి. సాక్షి భాష మారుతోంది.

పొద్దున్న, “జల్లెడ శుభ్రం చేశాను, సరిపోయిందా?” అని అడిగితే, “ఆయ్” అంది.

దానికి ‘ఆయ్’ ఎక్కడిదా అని ఆలోచించాను. ఎండలోకి జరుపుతారా అని అది అడుగుతుంది. “ఆయ్” అంటాను. చాలా అండీ? “ఆయ్.” వారం రోజులుగా అది విన్న మాట అదొక్కటే. మా గోదావరి జిల్లా వాళ్ళం అవుననాలన్నా, సరేననాలన్నా, వింటున్నాననాలన్నా అదే అంటాం. ఇంకో మార్పు కూడా ఉంది. ఇదివరకు ఒకటి అడిగితే వాతావరణం, పోటు వేళలు, టిక్కెట్టు ధర కూడా చెప్పేది. ఇప్పుడు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి ఊరుకుంటోంది.

నేను సాక్షిని చెడగొట్టానేమోనని భయంగా ఉంది. స్టేషనులో ఉంటే పోలీసులా తయారవుతుందన్నారు. నా దగ్గరుండి నాలా తయారైంది.

పదో రోజు

సాక్షి ఆహారం: ఎండ. మబ్బు పట్టడం వల్ల తక్కువ.

మంగతాయారు ఇవాళ దాదాపు పాఠమంతా మాట్లాడకుండా ఉంది. మూడు పాయలు కలిపి తాడు పేనడం కూడా పట్టుబడింది. నా తాడుకంటే ఆవిడ తాడే బిగువు. వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క మాట అడిగింది.

“బాగా నేర్చుకుంటన్నానా?”

“ఆయ్” అన్నాను.

పన్నెండో రోజు

పాఠం వేళ వకీలు గారు కూడా వచ్చారు. కాసేపు చూసి సంతోషించారు.

“అద్భుతం రాఘవులు గారూ! రెండు రోజుల్లో విచారణ. అమ్మా, మీరు ఇలాగే కూర్చుంటే చాలు. ఆ బండి మిమ్మల్ని హెచ్చరించిందో లేదో నేను అడుగుతాను. రెండో పరీక్ష వద్దంటే ఏమవుతుందో ముందే చెప్పాలని రూలు. చెప్పి ఉండకపోతే శిక్ష కొంచెం తగ్గుతుంది.”

“బండి నడపనిస్తారా?” అందావిడ.

“అది మాత్రం… కష్టమమ్మా. జరిమానా తగ్గుతుంది.”

ఆవిడ ఆయన్ను ఏమైనా అంటుందని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. తల దించుకుని పాయ తీసుకుంది. పెరట్లో తాడు పేనే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నాకు ఇష్టమైన చప్పుడే. ఎందుకో ఇవాళ నచ్చలేదు.

సాయంత్రం ఆ కాకి మళ్ళీ వచ్చింది. ఎండుచేప తీసుకుని తాపీగా వెళ్ళిపోయింది. వెనకింటి నుంచి ఒక్క తిట్టు లేదు. మా పేటలో ఎవరికీ ఏమీ తోచలేదు.

పద్నాలుగో రోజు

విచారణ రోజు.

కోర్టు లాంచీ పొద్దున్నే వచ్చింది. సాక్షి లాంచీలో పట్టదు కాబట్టి రేవులోనే షామియానా వేశారు. మేజిస్ట్రేటు గారు నడివయసు ఆవిడ. కళ్ళజోడుకు తాడు కట్టి మెళ్ళో వేసుకున్నారు. పోటు వచ్చేలోగా ముగించాలని అందరికీ చెప్పి కూర్చున్నారు. లంకంతా వచ్చింది. మంగతాయారు ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను నేర్పినట్టే కూర్చుంది.

బండికి ప్రమాణం చేయించారు. “అంతా నిజమే చెబుతావా?”

“ఆయ్” అంది.

జనం గొల్లున నవ్వారు. ప్రభుత్వం తరఫు ప్లీడరు లేచారు. “యువర్ ఆనర్! సాక్షి మీద సంరక్షకుడి ప్రభావం పడింది!”

మేజిస్ట్రేటు గారు నా దినచర్య కాగితాలు తిరగేశారు. “ఆ సంగతి ఈయనే రాశాడండీ. ‘నాలా తయారైంది’ అని బాధపడ్డాడు కూడా. ‘ఆయ్’ అనడం నేరం కాదు. మా అమ్మమ్మగారిదీ ఇటు వైపే. కానివ్వండి.”

ప్లీడరు అడిగారు. “ముద్దాయి ఊపిరిలో సారా ఉందా?”

“ఆయ్. ఉందండి.”

“రెండోసారి గొట్టంలో ఊదమన్నావా?”

“అన్నానండి.”

“ఊదిందా?”

“లేదండి. గొట్టం ఏట్లో పడేశారు.”

ఆయన కూర్చున్నారు. మన వకీలు లేచారు. “ఊదకపోతే నేరం ఒప్పుకున్నట్టవుతుందని ఆవిడను హెచ్చరించావా?”

“లేదండి.”

“అంతే యువర్ ఆనర్” అని ఆయనా కూర్చున్నారు. జరిమానా తగ్గుతుందన్న సంతోషం ముఖంలో కనిపించింది.

“ముద్దాయి స్వయంగా ఏమైనా అడుగుతుందా?” అన్నారు మేజిస్ట్రేటు గారు.

వకీలు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. మంగతాయారు నా వైపు చూసింది. నేను నేర్పిన పాఠం ఆవిడ ముఖంలో అచ్చుగుద్దినట్టు కనబడుతోంది. బతుకుతెరువు పోతుంటే, ఊరి ముందు తాగుబోతుదన్న ముద్ర పడుతుంటే, పాయ తీస్తున్నట్టు కూర్చుంది. అది చూడలేకపోయాను.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో లేచాక గానీ తెలియలేదు.

“మాట్లాడు, తాయారూ.”

రేవంతా నా వైపు తిరిగింది. “సంరక్షకుడు కూర్చోవాలి” అన్నారు మేజిస్ట్రేటు గారు. కూర్చున్నాను.

అప్పటికే ఆవిడ లేచింది.

“ఏమే ముక్కుబండీ! నీ జల్లెడ నేను తుడిచాను. నీ చక్రాల్లో ఇరుక్కున్న నాచు నా చేతుల్తో తీశాను. హెచ్చరించాలని రూలుంటే ఎందుకు హెచ్చరించలేదే నువ్వు?”

“మీరు మాట్లాడుతున్నారండి. మధ్యలో కల్పించుకోకూడదని నేర్పారు.”

“ఎంతసేపు మాట్టాడేనేంటి, నీకు సందు దొరకనంతసేపూ?”

“పావుగంట దాటిందండి. సందు ఇవ్వలేదు. ఆపమని బతిమాలదామనుకున్నాను, దానికీ సందు లేదు.”

జనం నవ్వుతున్నారు. ఆవిడ నవ్వలేదు. “మరి అంతసేపూ నీ మొహం మీదే తిడతన్నాను కదా. ఏం చేశావే, గుడ్లప్పగించి చూశావా?”

“పీల్చుకుంటున్నానండి.”

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. “ఆగండి. ఏం పీల్చుకున్నావు?”

“డ్రైవరు గారి ఊపిరండి. ఆవిడ సీట్లో ఉన్నంతసేపూ పీల్చాలి.”

“అది నమోదైందా?”

“ఆయ్. ఏ మాటకు ఎంత సారా ఉందో లెక్క ఉందండి.”

“ఇంతవరకు ఎందుకు చెప్పలేదు?”

“ఎవరూ అడగలేదండి.”

నా చెవులు వేడెక్కాయి.

“చదువు” అన్నారు మేజిస్ట్రేటు గారు.

“మొత్తమా అండి?”

“ముఖ్యమైనవి.”

బండి గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న చప్పుడు చేసి, మర్యాదగా, నెమ్మదిగా మొదలుపెట్టింది.

“‘నీ బ్యాటరీ బద్దలైపోనూ’ అన్నప్పుడు పరిమితికి రెండింతలు. ‘నీ కిటికీలకి చెదలు పట్టా’ అన్నప్పుడు కొంచెం తగ్గింది. ఇక్కడ ఆవిడ సీసాలో నీళ్ళు తాగి పుక్కిలించి నా అద్దం మీద ఉమ్మారు. ‘తాగుబోతు ముండాకొడుకుతో పదేళ్ళు ఏగిన దాన్నే, నన్నా వాసన చూసేది’ అన్నప్పుడు పరిమితికి లోపల. ‘నిన్ను పాత ఇనపసామానోడికి కేజీల లెక్కన అమ్మా’ అన్నప్పుడు ఇంకా తక్కువ. చివరికి ‘నీకు ముక్కెట్టినోడి ముక్కు కొయ్యా’ అని దిగిపోయారు. అప్పటికి సున్నా అండి.”

రేవులో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. కోర్టు గుమస్తా రాయడం ఆపి, “కేజీల లెక్కనా, కిలోల లెక్కనా?” అని మెల్లగా అడిగాడు.

ప్లీడరు లేచారు. “అభ్యంతరం! తిట్టడం ఊదడం కాదు. రెండో పరీక్ష నిర్ణీత పద్ధతిలో, ముద్దాయి ఇష్టపూర్వకంగా జరగాలి!”

“ఎవరైనా బలవంతం చేశారా?” అని మేజిస్ట్రేటు గారు బండిని అడిగారు.

“లేదండి. చాలా ఇష్టంగా తిట్టారు.”

“నోరు పుక్కిలించింది. పావుగంట గడిచింది. యంత్రం ముక్కు ముందే ఊపిరి వదిలింది. పద్ధతిలో ఇంకేం తక్కువైందండీ? గొట్టమా? గొట్టం కోసం ఒక మనిషి బతుకు తీసేస్తామా?” అని, రేవు మెట్టు తడుస్తుండటం చూసి ఆవిడ తీర్పు త్వరగా చెప్పారు. ముద్దాయి నిర్దోషి. ఇకముందు ముక్కుబళ్ళు ఎవరి సంగతీ నలుగురిలో ప్రకటించకూడదు. మొదటి వాసన తగిలాక డ్రైవరు బండి ముందు పావుగంట మాట్లాడినా దాన్ని రెండో పరీక్షగానే లెక్కపెట్టాలి. లంకకు ఒక్కరే డ్రైవరుంటే ఇలాంటి ఇబ్బందే కాబట్టి రెండో డ్రైవరును తయారు చేయాలి.

వకీలు గారు మంగతాయారు దగ్గరకు వచ్చి చేతులు జోడించారు. “మౌనం మీ హక్కు అన్నాను. తప్పయిపోయింది.”

“పోనీలే బాబూ. ఆ బూట్లు ఏస్కో, నత్తగుల్లలు గుచ్చుకుంటాయి” అందావిడ.

సాక్షిని అప్పగించాను. ఆరోగ్యం: బాగుంది. ఇతర విశేషాలు: పైన రాసినవే.

సొంత పుస్తకంలో

ఇక కోర్టుకు రాయనక్కర్లేదు. చెయ్యి అలవాటు పడింది కాబట్టి జమాఖర్చుల కింద రాస్తున్నాను.

రెండో డ్రైవరుగా ఎవరు చేరతారని పంచాయతీలో అడిగితే మంగతాయారు నా పేరు చెప్పింది. “బండికి ఆయనంటే గురి. ఆయన లాగే మాట్టాడుద్ది.” నేను వద్దనలేదు. నేను ఏదీ వద్దనను. ఆ సంగతి ఆవిడకు తెలుసు.

ఇవాళ మొదటి పాఠం. తెల్లారి తరవాణి తిని వెళ్ళి సీట్లో కూర్చున్నాను. పక్కన ఆవిడ. ప్రయాణికులు ఇంకా రాలేదు. బండి చాలా మెల్లగా, మా ఇద్దరికే వినపడేలా అంది.

“రాఘవులు గారూ, తగిలిందండి.”

ఆవిడ పకపకా నవ్వింది. “తరవాణి తిన్నారా? అయిపోయారు! కానీండి, పావుగంట మాట్టాడండి.”

గొట్టంలో ఊదుతానన్నట్టు చేత్తో సైగ చేశాను.

“ఆ గొట్టం కొత్తది ఇంకా రాలేదు. పాతది ఏట్లో ఉంది, కావాలంటే దూకండి. మాట్టాడండి బాబూ!”

“ఏం చెప్పను?”

“నన్నడుగుతారేంటి? తిట్టండి. నన్ను తిట్టండి పోనీ. కోర్టులో అంతమంది ముందు ‘తాయారూ’ అని పిలిచారు కదా, ఆ నోరేమైంది?”

జల్లెడ వైపు చూశాను. పీల్చుకుంటోంది. నీళ్ళు తీస్తున్న రోడ్డు వైపు చూశాను. ఆ తర్వాత, ఆ రోజు పెరట్లో కాకి ఎండుచేప ఎత్తుకుపోతే ఆవిడ ఏమీ అనకపోవడం నాకెందుకు బాగాలేదో, అక్కడి నుంచి మొదలుపెట్టాను.

బస్సు ఆలస్యంగా బయలుదేరింది. పావుగంట ఎప్పుడో దాటిపోయిందని బండి చెప్పలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోకూడదని దానికి నేర్పారు.